వాసన కావాలంటే పువ్వు అమ్మానాన్నల్ని అడగండి

(కాకినాడలో మిద్దెతోటలు పెంచేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి.

మీ మధ్య నిలబడి మాట్లాడాలంటే నాకు కాస్త జంకుగానే ఉంది. మీరంతా మేడ మీద ఆనపకాయలు, బీరకాయలు, వంకాయలు పండించి పక్కింటివాళ్లకి కూడా పంచేవాళ్లు. నేను పెంచేది వండుకోడానికి పనికిరాదు. అయినా పిలిచారు. పిలిచినవాళ్లు ఒక షరతు పెట్టారు: "ఆర్కిడ్ల గురించి చెప్పండి, కానీ వాసనొచ్చే వాటి గురించే చెప్పండి" అని. షరతు నాకు బాగా నచ్చింది. ఎందుకంటే మనకి పువ్వు అంటేనే వాసన. మల్లె, జాజి, సంపెంగ, మొగలి, ఇవన్నీ ముక్కుతో ఎంచుకున్న పూలు. అలాంటి మన ఇళ్లలోకి ఆర్కిడ్ వచ్చేసరికి ఏమైంది? పెళ్లి స్టేజీకి కట్టే ఊదారంగు డెండ్రోబియం అయింది. థాయిలాండ్ రకం. రోజుల తరబడి వాడదు, చూడ్డానికి బావుంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు. దాంతో "ఆర్కిడ్‌కి వాసన ఉండదు" అనే మాట మన దగ్గర స్థిరపడిపోయింది.

అది నిజం కాదు. ప్రపంచంలో 25,000కు పైగా ఆర్కిడ్ జాతులున్నాయి. ఐస్‌క్రీంలో వేసే వెనిల్లా కూడా ఒక ఆర్కిడ్ కాయే. అడవి జాతుల్లో వాసన ఉన్నవి బోలెడు. మరి అంగట్లో దొరికే సంకరాల్లో, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన వాటిలో, వాసన ఎందుకు లేదంటే, మనుషులు దాని కోసం చూడలేదు కాబట్టి. పూలవ్యాపారికి కావాల్సింది రేకు వెడల్పు, రంగు, పెట్టెలో పెట్టి విమానం ఎక్కించినా నలగని గట్టిదనం. తరాల తరబడి ఆ గుణాలు చూసి ఎంచుకుంటూ పోయారు. పెద్ద తెల్ల ఫలనాప్సిస్ చూస్తారు కదా, బ్యాంకుల్లో, హోటళ్ల కౌంటర్ల మీద, తెల్ల సీతాకోకచిలుకల్లా వరసగా ఉంటాయి. దాని పూర్వీకులు అమాబిలిస్, ఆఫ్రొడైట్ అనే జాతులు. వాటికే చెప్పుకోదగ్గ వాసన లేదు, ఇక పిల్లలకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే నేను ఈ రోజు చెప్పేది ప్రధానంగా ఒక్కటే. వాసన కోసం ఆర్కిడ్ కొనాలంటే పువ్వును చూసి కొనకండి. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడిగి కొనండి. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు, గోత్రం, మేనమామలెవరూ అని ఆరా తీస్తామే, అలాగ. (నవ్వులు) నవ్వకండి, ఆర్కిడ్ల విషయంలో ఈ ఆరా తీయడం మనుషులకంటే తేలిక. లండన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అని ఉంది. సంకర ఆర్కిడ్లన్నిటికీ అక్కడ ఒక రిజిస్టరు ఉంది. లక్షకు పైగా పేర్లున్నాయి అందులో. ప్రతి పేరుకీ తల్లి, తండ్రి రాసి ఉంటాయి. ఫోనులోనే వెతుక్కోవచ్చు. వెనక్కి వెనక్కి వెళ్తే అడవి జాతి దాకా తేలుతుంది. ఇంత పకడ్బందీ వంశవృక్షం ఉన్న పూలమొక్క ఇంకోటి దొరకడం కష్టం.

పేర్లు ఎలా పెడతారో కూడా తెలుసుకుంటే డబ్బు వృథా కాదు. ఫలానా తల్లికీ ఫలానా తండ్రికీ పుట్టిన పిల్లలందరికీ కలిపి ఒకటే పేరు. ఎవరు ఏ దేశంలో ఆ సంకరం మళ్లీ చేసినా అదే పేరు. కానీ ఒక కాయలో లక్షల గింజలుంటాయి, ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండవు. ఒకదానికి రంగు బాగా వస్తుంది, ఇంకోదానికి వాసన బాగా వస్తుంది. అందులో ఒక మంచి మొక్కని ఎంచుకుని దానికి విడిగా ఇంకో పేరు పెడతారు. ఆ రెండో పేరు ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు. ఉదాహరణకి ఆన్సిడియం షారీ బేబీ 'స్వీట్ ఫ్రాగ్రన్స్'. షారీ బేబీ అనేది ఆ తోబుట్టువులందరి పేరు. 'స్వీట్ ఫ్రాగ్రన్స్' అనేది అందులో ఒక్క మొక్క. 1960లో జార్జ్ మోరెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొక్క చిగురు కొసని సీసాలో పెంచి అచ్చం అలాంటి మొక్కల్ని తీసే పద్ధతి చూపించాక, ఆ ఒక్క మొక్కకే వేల నకళ్లు తయారవుతున్నాయి. అంటే చీటీ మీద రెండో పేరు కూడా ఉంటే, వాసన గ్యారంటీగా ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. చీటీ మీద ఉత్త "ఆర్కిడ్, సువాసన" అని రాసి ఉంటే మాత్రం, నమ్మేది నమ్మనిది మీ ఇష్టం.

ఈ సంకరాల కథ పాతది. మనుషులు చేసిన మొదటి ఆర్కిడ్ సంకరం ఇంగ్లండులో వీచ్ అనే నర్సరీలో జాన్ డొమినీ చేతిలో 1856లో పూసింది. కాలాంతే డొమినీయై అని పేరు. అప్పట్లో గింజ మొలకెత్తించడమే గగనం. ఆర్కిడ్ గింజ పొడిలా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. అడవిలో ఒక రకం బూజు దానిలోకి దూరి తిండి అందిస్తేనే మొలుస్తుంది. 1922లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నుడ్సన్ చక్కెర కలిపిన అగర్ అనే జెల్లీ మీద ఆ బూజు అవసరం లేకుండానే మొలిపించి చూపించాడు. అక్కణ్ణుంచి సీసాల్లో పిల్లలు లక్షల్లో వచ్చాయి. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, కాయ కాసింది కదా అని గింజలు కుండీలో చల్లి ఎదురుచూసేవాళ్లు మనలో ఉన్నారు. చల్లకండి, రాదు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. పక్కనే సామర్లకోట. అక్కడ 1781 నుంచి 1793 దాకా విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాటిష్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. వైద్యం పేరుకే, మనసంతా మొక్కల మీదే. మిరియాలు, కాఫీ లాంటివి అక్కడ తోట వేసి పరీక్షించాడు. మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి 300 బొమ్మలు ఏరి, వివరాలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అని మూడు సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. 1795 నాటి మొదటి సంపుటంలోనే ఒక ఆర్కిడ్ ఉంది. ఇప్పుడు దాన్ని వాండా టెసెలాటా అంటారు. మన మామిడి చెట్ల మీద, ఇప్ప చెట్ల మీద, చింత చెట్ల మీద పెరిగేదే. ఊళ్లలో చెట్టు మీద మొలిచిన దేన్నయినా బదనిక అనేస్తారు కాబట్టి దీన్ని కూడా బదనిక అనే పీకేస్తుంటారు. అసలు బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. ఇది పీల్చదు. బెరడును పట్టుకుని వేలాడుతుంది అంతే. తన తిండి తనే వండుకుంటుంది.

ఈ టెసెలాటా పువ్వుని దగ్గర నుంచి చూడండి. ఇదిగో, ముందు వరసవాళ్లు చూసి వెనక్కి పంపించండి. రూపాయి బిళ్ల కంటే పెద్దది. రేకులు పసుపూ గోధుమ రంగూ కలిసి, మీద గళ్లు గళ్లుగా గీతలు. వీపు పక్క చూస్తే తెల్లగా ఉంటుంది. కింద వేలాడే రేకు, దాన్ని పెదవి అంటాం, నీలం కలిసిన ఊదా రంగు. ఇప్పుడు వాసన చూడండి. తీపిగా ఉందా? ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది.

ఈ మొక్కే సింగపూర్ ప్రాంతానికి చేరింది. అక్కడ వాండా టాన్ చే యాన్ అని ఒక సంకరం ఉండేది, 1954లో లండన్ చెల్సీ ప్రదర్శనలో పెద్ద బహుమతి కొట్టింది. పెద్ద రేకులు, మంచి రంగు. దానికి మన టెసెలాటాని కలిపితే వాండా మిమీ పామర్ వచ్చింది. వాసన కోసం ఆగ్నేయాసియాలో పేరు పడ్డ పువ్వు అది. మలేసియాలో శాస్త్రవేత్తలు దాని వాసన ఏ జన్యువుల వల్ల వస్తుందో కూడా పరిశోధించారు. ఆ వాసన టెసెలాటా వైపు నుంచే వచ్చిందని వాళ్ల లెక్క. వర్గీకరణ మారి ఇప్పుడు దాని ఇంటిపేరు పాపిలియోనాండ అని రాస్తున్నారు. అంగట్లో ఇంకా వాండా అనే పిలుస్తారు. మన తీరానికి నేను మొదట చెప్పే సంకరాలు ఇలాంటివే: వంశంలో టెసెలాటా ఉన్నవి. కారణం సులువు. మన ఎండ, మన ఉక్కపోత, మన తుఫాను గాలి, ఇవన్నీ ఆ మొక్కకి పుట్టింటివి. మిమీ పామర్‌కి నీడ పెట్టి ముద్దు చేస్తే పూయదు. పొద్దున్నుంచి ఎండ తగలాలి.

రెండో వంశం బ్రాసవోలా. ఇది మెక్సికో నుంచి దక్షిణ అమెరికా ఉత్తర కొస దాకా సముద్రపొడ్డున, ఉప్పుగాలిలో కూడా పెరిగే జాతి. ఆకు పెన్సిల్‌లా దళసరిగా ఉంటుంది, నీళ్లు దాచుకుంటుంది. నోడోసా అనే జాతికి ఇంగ్లీషులో 'రాత్రి రాణి' లాంటి పేరే ఉంది. పగలు ఎంత ముక్కు పెట్టినా ఏమీ రాదు. దీపాలు పెట్టాక మొదలవుతుంది. ఎందుకంటే దాని దగ్గరికి వచ్చేది రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగు, హాక్ మాత్ అంటారు. రంగు చీకట్లో కనబడదు కాబట్టి తెల్ల పెదవి, ఘాటైన వాసన పెట్టుకుంది. ఇలాంటి పూల గురించి డార్విన్‌దో కథ ఉంది. మడగాస్కర్ ఆర్కిడ్ ఒకదానికి అడుగు దాకా పొడవున్న తేనెగొట్టం చూసి, అంత నాలుక ఉన్న పురుగు అక్కడ ఉండి తీరాలని 1862లో రాశాడు. జనం నవ్వారు. ఆయన పోయాక, 1903లో ఆ పురుగుకి శాస్త్రీయంగా పేరు పెట్టారు.

బ్రాసవోలా సంకరాల్లో మీరు కొనదగ్గవి రెండు చెప్తాను. లిటిల్ స్టార్స్ అని ఒకటి, నోడోసాకి దాని దాయాదినే కలిపి చేసింది. చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తుంది, రాత్రి నిమ్మ కలిసిన తీపి వాసన. రెండోది బ్రాసోకాట్లియా మైకై. నోడోసాకి, కాట్లియా అనే ఇంకో ఆర్కిడ్ వంశంలోని, గ్వాటెమాల వైపు పెరిగే బౌరింగియానా అనే జాతిని కలిపారు. ఊదారంగు పూలు. వాసన నోడోసా అంత ఘాటుగా ఉండదు గానీ, పూత మాత్రం విరగబూస్తుంది. మొదటిసారి ఆర్కిడ్ పెంచేవాళ్లెవరైనా అడిగితే నేను ఈ ఇద్దరిలో ఒకరి పేరే చెప్తాను. నీళ్లు మర్చిపోయినా క్షమిస్తుంది.

బ్రాసవోలా అని ఒకప్పుడు పిలిచిన ఇంకో జాతి ఉంది, డిగ్బియానా. ఇప్పుడు రింకోలేలియా అంటున్నారు. హోండురస్ దేశపు జాతీయ పుష్పం అది. పువ్వు లేతాకుపచ్చ, పెదవి అంచు కుచ్చులు కుచ్చులుగా చీలి ఉంటుంది, వాసన నిమ్మకాయే. పెద్ద పెద్ద కాట్లియాలకి ఆ కుచ్చుల పెదవి, చాలావాటికి ఆ నిమ్మ వాసన ఈ తల్లి పెట్టిందే. చీటీ మీద ఆర్‌ఎల్‌సీ (Rlc., అంటే రింకోలేలియోకాట్లియా) అని పొట్టి అక్షరాలుంటే వంశంలో చాలావరకు ఇది ఉందని అర్థం.

షారీ బేబీ గురించి అందరూ అడుగుతారు. చాక్లెట్ వాసన. నిజంగానే చాక్లెట్ వాసన, వెనిల్లా కూడా కలుస్తుంది. ఎర్రటి చిన్న పూలు, మీటరు దాకా సాగే పూలరెమ్మ. పొద్దున్న ఎండ తగిలినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా బాగుంటుంది. బెంగళూరులో, హైదరాబాదులో దీన్ని పెంచడం ఇక్కడికంటే సులువు. మన దగ్గర మే నెలలో దానికి నీడ, తేమ, గాలి మూడూ ఇస్తేనే నిలబడుతుంది. ఇవ్వగలిగితే తెచ్చుకోండి.

ఫలనాప్సిస్‌లోనూ వాసనున్న వంశం ఉంది. బెల్లీనా, వయొలేషియా అనే రెండు జాతులు, మలేసియా, బోర్నియో, సుమత్రా అడవులవి. బెల్లీనా వాసనలో లినలూల్, జెరానియాల్ అనే పదార్థాలుంటాయి. మన ధనియాల నూనెలో ఎక్కువగా ఉండేది ఆ లినలూలే. జెరానియాల్ గులాబీ నూనెలో ఉంటుంది. చిక్కేమిటంటే, ఈ బెల్లీనాని పెద్ద తెల్లపువ్వుతో కలిపితే మొదటి తరంలోనే వాసన చాలావరకు పోతుంది. అందుకని బెల్లీనా లేదా వయొలేషియా పాలు ఎక్కువున్న సంకరమే చూడండి. పూలు చిన్నవి, రేకు మైనం పూసినట్టు దళసరిగా మెరుస్తూ ఉంటుంది. ఇంకో మాట, చాలా ముఖ్యం: వీటి పూలకాడ పచ్చగా ఉన్నంతకాలం కోయకండి. ఒక పువ్వు రాలాక అదే కొస నుంచి ఇంకోటి వస్తుంది, ఆ తర్వాత ఇంకోటి. పూసిన కాడే మళ్లీ వచ్చే ఏడు కూడా పూస్తుంది. పెద్ద తెల్ల ఫలనాప్సిస్‌కి పూలకాడ రావాలంటే కొన్ని వారాలపాటు 25, 26 డిగ్రీల లోపు చల్లదనం తగలాలి, ఎప్పుడూ 28 పైన ఉంటే ఆకులే వేస్తుంది. బెల్లీనా పిల్లలకి ఆ పేచీ అంతగా లేదు, వేసవిలోనే పూస్తాయి.

కొనొద్దని చెప్పేది కూడా ఒకటుంది. సింబిడియం. సిక్కిం, డార్జిలింగ్ వెళ్లినప్పుడు పెద్ద పెద్ద గెలలతో కనబడుతుంది, మనసు లాగేస్తుంది. దానికి చలి రాత్రులు కావాలి. కాకినాడలో ఆకులే చూస్తూ కూర్చుంటారు.

సరే, పెంపకం. (బల్ల మీదున్న మొక్కను పైకెత్తి) ఈ వాండా వేరు చూడండి. వెండి రంగులో, బూడిద పూసినట్టు ఉంది కదా. ఇప్పుడు నీళ్లు స్ప్రే చేస్తున్నాను. చూశారా, ఆకుపచ్చగా మారిపోయింది. వేరు పైన చచ్చిన కణాల పొర ఒకటుంటుంది, వెలమెన్ అంటారు. ఎండినప్పుడు అందులో గాలి ఉండి తెల్లగా కనబడుతుంది. తడిస్తే నీళ్లు పీల్చుకుని, లోపలి పచ్చదనం బయటికి తెలుస్తుంది. మీకు నీళ్ల క్యాలెండర్ అక్కర్లేదు. వేరు తెల్లబడితే పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం చావులు తప్పుతాయి. ఆర్కిడ్లు మన ఇళ్లలో ఎండి చావవు, నానిపోయి చస్తాయి.

మట్టి వద్దు. ఒక్క పిడికెడు కూడా వద్దు. కట్టెబొగ్గు, పాత పెంకు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు. ఇవన్నీ మన దగ్గర ఊరికే దొరుకుతాయి. కొబ్బరి డొక్కని మాత్రం రెండు మూడుసార్లు నీళ్లు మార్చి నానబెట్టండి, దాంట్లో ఉప్పు ఉంటుంది. పైగా తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి వానాకాలంలో కుళ్లు తెస్తుంది. నేను వాండాకి ఉత్త చెక్క బుట్ట వాడతాను, లోపల నాలుగు బొగ్గు ముక్కలు, అంతే. బ్రాసవోలాని చెక్క ముక్కకి కట్టేసినా చాలు. ఫలనాప్సిస్‌కి బొగ్గుతో పాటు కాస్త డొక్క.

నీళ్ల సంగతి తీరంలో ఉన్నవాళ్లకి కష్టమే. బోరు నీళ్లలో ఉప్పుంటుంది. కుండీ అంచున తెల్లగా పేరుకోవడం, వేరు కొస నల్లబడి మాడడం కనిపిస్తే అది ఉప్పే. టీడీఎస్ మీటరు చిన్నది దొరుకుతుంది. 200 లోపు ఉంటే మంచిది, 500 దాటితే ఆర్కిడ్‌కి పోయకండి. వాననీళ్లంత మంచివి లేవు. మేడ మీద డ్రమ్ము ఒకటి పెట్టుకుని మూతకి దోమతెర కట్టండి.

ఎరువు 19-19-19 పొడి, పొలాలకి వాడేదే. లీటరుకి అర గ్రాము, వారానికోసారి. డబ్బా మీద రాసిన మోతాదు వేస్తే వేర్లు మాడతాయి. నెలకోసారి ఎరువు మానేసి ఉత్త నీళ్లతో బాగా కడగండి.

వెలుతురు దగ్గరే నేను కాస్త గట్టిగా మాట్లాడాలి, ఎందుకంటే వాసనకీ దీనికీ నేరుగా లంకె ఉంది. వాసన అంటే మొక్క తయారుచేసి గాల్లోకి వదిలేసే నూనె. దానికి ముడిసరుకు చక్కెర. చక్కెరకి ఎండ కావాలి. నీడలో మొక్క తంటాలు పడి నాలుగు పూలు పూయొచ్చు, వాసనకి మాత్రం దాని దగ్గర పెట్టుబడి ఉండదు. ఆకు రంగు చూడండి: నల్లటి పచ్చదనం చూడ్డానికి ముచ్చటగా ఉన్నా అది ఆకలి. లేత పచ్చగా, అంచున కొద్దిగా ఎరుపు తిరిగితే సరిపడా అందుతున్నట్టు. మేడ మీద 50 శాతం షేడ్ నెట్ కింద కాట్లియా, బ్రాసవోలా సంకరాలు, 75 శాతం నెట్ కింద ఫలనాప్సిస్. టెసెలాటా పిల్లల్ని నెట్ అంచున తూర్పు వైపు వేలాడదీయండి. కొత్తగా తెచ్చిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు కాలుతుంది, కొన్ని వారాలు కొంచెం కొంచెంగా జరపండి.

పువ్వు విచ్చుకున్న రోజే వాసన వెతక్కండి. చాలావాటికి రెండు మూడు రోజులు పడుతుంది. ఇంకో తమాషా ఉంది. (అగ్గిపుల్లతో) పువ్వు మధ్యలో ముక్కులా పొడుచుకొచ్చింది చూడండి, దాని కొసన చిన్న టోపీ. పుల్లతో కింద నుంచి తాకితే టోపీ ఊడి, ఇదిగో, పసుపు రంగు ఉండలు పుల్లకి అంటుకుని వచ్చేశాయి. ఆర్కిడ్ పుప్పొడి పొడిలా రాలదు, ఇలా ముద్దగా వస్తుంది. ఈ ముద్ద ఇంకో పువ్వులో అంటుకుందా, ఆ పువ్వు పని అయిపోయినట్టే. ఒకటి రెండు రోజుల్లో ముడుచుకుంటుంది, వాసన ఆపేస్తుంది. ఎవరిని పిలవాలో వాళ్లొచ్చి వెళ్లిపోయాక ఇంకా పిలవడం దేనికి? కాబట్టి పిల్లల్ని పువ్వు మధ్యలో వేలు పెట్టనివ్వకండి.

మొగ్గలు రాలడం గురించి కూడా. మే నెలలో మనందరి ఇళ్లలో మామిడికాయలు గడ్డిలో మాగేస్తాం. పండేటప్పుడు వాటి నుంచి ఎథిలీన్ అనే గాలి వస్తుంది. అదే గదిలో మొగ్గలున్న ఆర్కిడ్ పెడితే మొగ్గలు పసుపు తిరిగి రాలిపోతాయి. తెగులనుకుని మందులు కొట్టేవాళ్లుంటారు. మొక్కని ఇంకో గదిలో పెట్టండి చాలు. మామిడిపళ్లు బయట పెట్టమని నేను చెప్పను. (నవ్వులు)

పురుగుల్లో పిండినల్లి, పొలుసు పురుగు దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే పోతాయి. ఎండాకాలం ఎర్రనల్లి ఆకు కింద చేరుతుంది, నీళ్లతో కడగండి. అక్టోబరు, నవంబరు ముసుర్లలో కుళ్లు ప్రమాదం. ఫలనాప్సిస్ ఆకుల మొదట్లో నీళ్లు నిలవకుండా కుండీని ఏటవాలుగా పెట్టండి, నీళ్లు పొద్దున్నే పోయండి. కుళ్లిన భాగం కోసేసి దాల్చినచెక్క పొడి అద్దితే గాయం ఆరుతుంది, వేర్ల మీద మాత్రం చల్లొద్దు, వేర్లని కూడా ఆరబెట్టేస్తుంది. నత్తలు మీకు నాకంటే బాగా తెలుసు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మారేడుమిల్లి వైపు వెళ్లినప్పుడు చెట్ల మీద ఇవి కనబడతాయి. ఒకటి తెచ్చుకోవచ్చా?)

వద్దండి. రిజర్వు అడవిలోంచి మొక్క పెరికి తేవడం నేరం. అది పక్కన పెట్టినా, పెరికినప్పుడు బెరడుకి అంటుకున్న వేర్లు తెగిపోతాయి, ఇంటికొచ్చాక చాలావరకు బతకదు. టెసెలాటాని కొన్నిచోట్ల రాస్న అని మందుల వాళ్లు కూడా ఏరుకుపోతుంటారు, దానికి ఆ బెడద చాలు. సీసాలో పెంచిన పిల్లలు అమ్మేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర కొనండి. మీ సొంత మామిడి చెట్టు మీదే ఉందనుకోండి, అదృష్టం. అక్కడే ఉంచి ఎండాకాలం సాయంత్రాలు నాలుగు చెంబులు కొట్టండి. చెట్టుకి ఏం కాదు.

(ప్రశ్న: మాది అపార్ట్‌మెంటు, బాల్కనీకి ఎండ రాదు.)

అయితే వాండా జోలికి వెళ్లకండి. బెల్లీనా వంశపు ఫలనాప్సిస్ పెట్టుకోండి. తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు అడుగు ఎత్తులో పెట్టి రోజుకి 12 గంటలు వెలిగిస్తే పూస్తుంది. ఏసీ గదిలో అయితే గాలి నేరుగా తగలకూడదు.

(ప్రశ్న: దేవుడికి పెట్టొచ్చా?)

పెట్టొచ్చు కదండీ, ఎవరు వద్దన్నారు. కాకపోతే బ్రాసవోలాని పొద్దున పూజకి పెడితే వాసన లేదని దేవుడే అలుగుతాడు. పవళింపు సేవకి పెట్టండి. (నవ్వులు)

(ప్రశ్న: షారీ బేబీ కొన్నాను, పూసింది. చాక్లెట్ వాసన రాలేదు.)

ఎప్పుడు చూశారమ్మా? రాత్రా? అదే మరి. ఆఫీసు నుంచి వచ్చాక చూస్తే ఉండదు. ఆదివారం పది గంటలకి చూడండి. అప్పుడూ లేకపోతే మొక్క ఎక్కడుందో చూడండి, నీడలో ఉంటే కాస్త వెలుతురు వైపు జరిపి వచ్చే పూత దాకా ఆగండి. చీటీలో 'స్వీట్ ఫ్రాగ్రన్స్' అని ఉందా? లేదా? అయితే అది దాని తోబుట్టువేమో. అసలు షారీ బేబీయే కాకపోవచ్చు కూడా. పువ్వు ఫొటో పంపండి, చూస్తాను.

(ప్రశ్న: కుండీ ఎప్పుడు మార్చాలి?)

కొత్త వేరు కొసలు పచ్చగా రావడం మొదలైనప్పుడు. మన దగ్గర చాలావాటికి అది మార్చి లోపు, లేకపోతే తొలకరి పడ్డాక. పూత మీద ఉన్నప్పుడు కదపకండి. రెండు మూడేళ్లకోసారి చాలు. పాత బొగ్గు కడిగి మళ్లీ వాడదామనుకోకండి, ఉప్పు పట్టేసి ఉంటుంది. మీ వంగ మొక్కల మట్టిలో కలిపేయండి.